బంతి నేల తాకాక కొట్టడం ఎలా? టెన్నిస్ కొత్తగా మొదలుపెట్టినవాళ్లకి

టెన్నిస్‌లో బంతిని రెండు రకాలుగా కొట్టొచ్చు. నేల తాకకముందే గాల్లో ఉండగా కొడితే అది వాలీ. ఒకసారి నేల తాకి పైకి లేచాక కొడితే గ్రౌండ్‌స్ట్రోక్. రెండోసారి కూడా నేల తాకిందా, పాయింటు అవతలివాళ్లది. కొత్తగా రాకెట్ పట్టినవాళ్లు మొదట్లో ఆడేది ఇంచుమించు అంతా గ్రౌండ్‌స్ట్రోకులే. కాబట్టి ముందు దీన్ని దారిలో పెట్టుకుంటే మిగతా ఆట సుళువవుతుంది.

మన విజయనగరం, శ్రీకాకుళం వైపు టెన్నిస్‌కి వచ్చేవాళ్లలో ఎక్కువమంది క్రికెట్ నుంచో షటిల్ నుంచో వస్తారు. పది నిమిషాలు ఆడించి చూస్తే చాలు, ఎవరు ఎటునుంచి వచ్చారో చెప్పేయొచ్చు. షటిల్ ఆడినవాళ్లకి చూపూ చురుకూ బాగా ఉంటాయి. కానీ ఏది వచ్చినా మణికట్టుతో విదిలిస్తారు. షటిల్ కాక్ బరువు ఐదు గ్రాములు, టెన్నిస్ బంతి 56 నుంచి 59.4 గ్రాములు. విదిలిస్తే బంతి ఎటో పోతుంది, కొన్నాళ్లకి మోచెయ్యి కూడా పట్టేస్తుంది. పైగా షటిల్‌లో కాక్ నేల తాకితే అంతా అయిపోయినట్టే. అందుకని బంతి కిందికి దిగుతుంటే వాళ్లకి కంగారు పుడుతుంది, ఆగలేక ముందుకి దూకేస్తారు.

క్రికెట్ ఆడినవాళ్లకి బౌన్స్ అంటే భయం ఉండదు. ఏది షార్ట్, ఏది ఫుల్ అన్నది బంతి చేతి నుంచి వదలగానే పసిగడతారు. అది పెద్ద ఆస్తి. కాకపోతే క్రీజు వదిలే అలవాటు తక్కువ, నిలబడ్డ చోటే నిలబడి చేతులు చాస్తారు. విజయనగరం రాజకుమారుడు విజ్జీ వంశం వారి ఊరు కదా మరి. 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత జట్టుకి కెప్టెన్‌ని ఇచ్చిన చోట, పిల్లాడి చేతికి ఏ బ్యాటు ఇచ్చినా ముందు వచ్చేది క్రికెట్ షాటే.

ఇద్దరికీ చెప్పేది ఒకటే. షాటు బాగా రావడం, రాకపోవడం కొట్టే క్షణంలో తేలేది కాదు. బంతి నేల తాకే సమయానికి మీరు ఎక్కడున్నారు, మీ రాకెట్ ఎక్కడుంది అన్నదాన్నిబట్టి అప్పటికే తేలిపోయి ఉంటుంది. లెక్క చూడండి. నేల తాకి మీటరు ఎత్తుకి లేచే బంతి అక్కడికి చేరడానికి దాదాపు 0.45 సెకను పడుతుంది. మళ్లీ నేలకి రావడానికి ఇంకో అంత. ఆ సెకనులోపే మీరు చేరుకోవాలి, కాళ్లు కుదుర్చుకోవాలి, ఊపాలి. ఇక రాకెట్ స్ట్రింగ్స్‌కి బంతి తగిలి ఉండేది నాలుగైదు మిల్లీసెకన్లు. ఆ కాస్తలో ఎవరూ ఏదీ దిద్దుకోలేరు.

ముందు బంతి సంగతి

మన ఊళ్లల్లో షాపుకి వెళ్లి టెన్నిస్ బాల్ అని అడిగితే ముందు చేతిలో పెట్టేది క్రికెట్‌కి వాడే టెన్నిస్ బాలే. అందులోనూ హార్డ్ బాల్ అని అమ్మేది అసలు టెన్నిస్ బంతి కన్నా బరువు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. దానితో నేర్చుకుంటే బౌన్స్ మీద మీ అంచనా మొత్తం తప్పుతుంది, మోచేతికీ మంచిది కాదు. గాలి బిగించిన డబ్బాలో వచ్చేవి కావాలని చెప్పి అడగండి. కొత్త డబ్బా మూత తీయగానే బుస్సుమని గాలి రావాలి.

నియమాల ప్రకారం మామూలు టెన్నిస్ బంతిని 254 సెంటీమీటర్ల ఎత్తు నుంచి గట్టి నేల మీద వదిలితే 135 నుంచి 147 సెంటీమీటర్ల దాకా లేవాలి. ఇంట్లో టేపు పెట్టి కొలవక్కర్లేదు. తల ఎత్తు నుంచి గచ్చు మీద వదలండి. సగం దాటి పైకి వస్తే పనికొస్తుంది, సగం కూడా రాకపోతే గాలి దిగిపోయినట్టే. అలాంటివి వీధిలో పిల్లలకి ఇచ్చేయండి, క్రికెట్ ఆడుకుంటారు. మీ సాధనకి మాత్రం వాడొద్దు. గాలి దిగిన బంతితో అలవాటు పడ్డవాళ్లు కొత్త బంతి వచ్చిన రోజున అన్నీ ఆలస్యంగా కొడతారు.

వాతావరణం కూడా చూసుకోవాలి. మే నెల ఎండలో బంతి లోపలి గాలి వేడెక్కి ఎక్కువ ఎగురుతుంది. డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున మంచు పడ్డ కోర్టులో బంతి మీది నూగు తడిసి బరువెక్కి, మోకాలు దాటి లేవనంటుంది. ఒకే కోర్టు, ఒకే బంతి అయినా నిలబడే చోటు మారుతుంది. అందుకే ఆట మొదలుపెట్టే ముందు ఓ నాలుగుసార్లు బంతిని నేలకి కొట్టి చూడండి.

పిల్లలకి నేర్పిస్తుంటే మామూలు పసుపు బంతి అస్సలు ఇవ్వకండి. ఎనిమిదేళ్ల పిల్లకి అది తల మీదుగా పోతుంది. ఎర్ర బంతి మామూలు దాని కన్నా 75 శాతం నెమ్మది, ఆరెంజ్ 50 శాతం, ఆకుపచ్చ చుక్క బంతి 25 శాతం. 2012 నుంచి పదేళ్లు, ఆ లోపు పిల్లల పోటీల్లో ఈ నెమ్మది బంతులే వాడాలని అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య నియమం పెట్టింది. పిల్లలకే కాదు, నలభై దాటాక మొదలుపెట్టేవాళ్లకి కూడా మొదటి నెల ఆకుపచ్చ చుక్క బంతి చాలా మేలు చేస్తుంది. పెద్దవాళ్లు నామోషీ పడి వాడరు గానీ.

చోటు

క్లబ్బులో సభ్యత్వం ఉంటే బాధ లేదు. లేనివాళ్లకి గోడే దిక్కు. స్కూలు ప్రహరీయో, ఖాళీ గోడౌన్ వెనక గోడో అడిగి చూసుకోండి. ముందర కాస్త చదునైన సిమెంటు నేల ఉంటే అదే మీ కోర్టు. గోడ మీద సుద్దతో 91 సెంటీమీటర్ల ఎత్తున గీత గీయండి. నెట్ మధ్యలో ఉండే ఎత్తు అదే (చివర్లలో స్తంభాల దగ్గర 107 ఉంటుంది). గోడకి ఓ ఇరవై అడుగుల దూరంలో మొదలుపెట్టండి. గోడ దగ్గర మొదట్లో బంతి రెండుసార్లు నేల తాకినా ఫరవాలేదు. గోడకి అలసట ఉండదు, మీకే ఉంటుంది. ఒక్క బౌన్స్‌తోనే కొట్టాలని పట్టుబడితే పరుగులు పెట్టడం తప్ప ఏమీ నేర్చుకోరు.

ఇంకో మాట, నేల రకాన్నిబట్టి బౌన్స్ మారుతుంది. ఎర్రమట్టి కోర్టులో నేల బంతిని పట్టుకుని వేగం తగ్గించి పైకి లేపుతుంది. సిమెంటు మధ్యస్తంగా ఉంటుంది. పచ్చిక మీద బంతి కిందికే ఉండి జారిపోతుంది. మన దగ్గర గచ్చు కోర్టుల మీద ఇసుక, దుమ్ము పేరుకుంటే అక్కడ కూడా కాస్త జారుతుంది, మీ కాళ్లూ జారతాయి. ఆడే ముందు చీపురు తిప్పించండి.

మొదటి పని: మీరే వదిలి మీరే కొట్టండి

ఎదుటివాళ్లు వేసిన బంతిని కొట్టే ముందు, మీ బంతిని మీరు కొట్టగలగాలి. కొత్తవాళ్లు దీన్ని చిన్నపిల్లల పని అనుకుని వదిలేస్తారు. వదలకండి.

రాకెట్ పట్టు ముందు. ఎడమ చేత్తో రాకెట్ మెడ పట్టుకుని, కుడి అరచేతిని స్ట్రింగ్స్ మీద చదునుగా ఆనించి, అలాగే కిందికి జార్చి పిడిని పట్టుకోండి. అరచెయ్యి ఎటు చూస్తే రాకెట్ ముఖం అటే చూస్తుంది. ఫోర్‌హ్యాండ్‌కి (రాకెట్ పట్టిన చేతి వైపు వచ్చే బంతిని కొట్టే షాటు) ఇది సరిపోతుంది. మిగతా పట్లు తర్వాత చూసుకోవచ్చు. పట్టు గట్టిగా బిగించకండి. బంతి తగిలే క్షణంలో అదే బిగుసుకుంటుంది. (ఎడంచేతివాటం వాళ్లు అన్నీ తిరగేసి చదువుకోండి.)

గోడకి లేదా నెట్‌కి పక్కవాటుగా నిలబడండి. ఎడమ భుజం ముందుకి ఉండాలి. రాకెట్‌ని ముందే వెనక్కి తీసి పెట్టుకోండి. ఎడమ చెయ్యి ముందుకి చాచి, భుజం ఎత్తు నుంచి బంతిని వదలండి. విసరొద్దు, వేళ్లు విప్పండి చాలు. అది నేల తాకి మొలకి కాస్త కిందగా వచ్చి ఆగినట్టు కనిపిస్తుంది చూడండి, అప్పుడు కొట్టండి. బంతి మీ ముందు కాలికి కాస్త ముందు ఉండాలి, చెయ్యి హాయిగా చాచినంత దూరంలో ఉండాలి. బొడ్డు దగ్గరికి వచ్చేస్తే మోచెయ్యి ముడుచుకుని కొడతారు. దూరమైపోతే ఒరిగి కొడతారు. బంతిని ఎక్కడ వదిలితే ఈ రెండూ రాకుండా ఉంటుందో మీ చేతికి తెలిసేదాకా చెయ్యండి. ఎదుటివాళ్ల బంతి వచ్చినప్పుడు మీరు వెతుక్కోవాల్సింది ఆ చోటే.

ఊపు కింద నుంచి పైకి. బంతి కన్నా కింద మొదలై, బంతిని తాకి, రాకెట్ ఎడమ భుజం మీదుగా వెళ్లి ఆగాలి. తగలగానే చెయ్యి ఆపేస్తే బంతి నెట్‌లోకి పోతుంది.

రెండో పని: "పడింది", "కొట్టా"

ఇప్పుడు ఎవరినైనా అవతల నిలబెట్టి నెమ్మదిగా బంతులు వెయ్యమనండి. మీరు చేయాల్సిందల్లా రెండు మాటలు పైకి అనడం. బంతి నేల తాకిన క్షణంలో "పడింది", రాకెట్‌కి తగిలిన క్షణంలో "కొట్టా". బంతి ఎక్కడికి పోయిందన్నది పట్టించుకోకండి. చాలా కాలంగా కోచ్‌లు వాడుతున్న పద్ధతే ఇది. ఇంత ఉత్త పనిలా కనిపించే దానిలో ఇంత ఫలితం ఉంటుందంటే చేసేదాకా ఎవరూ నమ్మరు.

ఎందుకు పనిచేస్తుందంటే, కొత్తవాళ్లు బంతిని నెట్ దాకా చూస్తారు, తర్వాత చూపు రాకెట్ మీదికో, కొట్టాల్సిన మూల మీదికో పోతుంది. నేల తాకడం వాళ్లు నిజంగా చూడరు, ఊహించుకుంటారు. పైకి చెప్పాలంటే చూడక తప్పదు. ఇంకొకటి, నోరు పనిలో ఉంటే బుర్రలో "మోచెయ్యి ఎత్తాలి, మోకాలు వంచాలి, ఔట్ పోతుందేమో" అన్న గొడవ తగ్గుతుంది. మ్యాచ్‌లో టెన్షన్ పడేవాళ్లకి ఇది మందు లాంటిది. మ్యాచ్‌లో పైకి అనకండి, అవతలివాళ్లకి అడ్డు. మనసులో అనుకోండి.

ఒక సాయంత్రం కోర్టులో ఎనిమిదో తరగతి అమ్మాయి చేత ఇదే చేయిస్తున్నారు. "పడింది" అని గట్టిగానే అంటోంది గానీ, బంతి నేల నుంచి జానెడు లేచాక అంటోంది. బంతులు అందిస్తున్న మార్కర్ పెద్దాయన రాకెట్ చంకలో పెట్టుకుని నెట్ దగ్గరికి వచ్చాడు. "ఏటమ్మా, పడిపోయినాక సెప్తన్నావు. పడతన్నప్పుడే సెప్పాల" అని, ఈసారి రాకెట్‌తో కాకుండా చేత్తో ఒక్కొక్కటీ మెల్లగా వేశాడు. ఆ అమ్మాయి కళ్లు బంతితో పాటు నేల దాకా దిగడం పక్కన నిలబడ్డవాళ్లకి తెలిసిపోయింది. మాట సరిగ్గా టప్పుమన్న శబ్దంతో కలిసిన దగ్గర్నుంచి షాట్లు రాకెట్ అంచుకి తగలడం తగ్గింది. చేతి గురించి ఆయన ఒక్క మాటా చెప్పలేదు.

మీ మాట కూడా ఆలస్యమవుతోందేమో పక్కవాళ్లని వినమనండి. మీ చెవికి ఎప్పుడూ సరిగ్గానే ఉన్నట్టు అనిపిస్తుంది. "కొట్టా" అన్నది ముందే వచ్చేస్తుంటే మీరు తొందరపడుతున్నట్టు. బంతి వెళ్లిపోయాక వస్తుంటే తగిలే చోటు మీరు చూడటం లేదన్నమాట.

మూడో పని: "పడింది" అనేసరికి రాకెట్ వెనక ఉండాలి

అసలు కీలకం ఇదే. ఎక్కువమంది బంతి పడ్డాక రాకెట్ వెనక్కి తీస్తారు. ఉన్న అర సెకనులో సగం దానికే పోతుంది, మిగిలిన సగంలో గబగబా ఊపుతారు. చూసేవాళ్లకి అది బలంగా కొట్టినట్టు ఉంటుంది, నిజానికి ఆలస్యాన్ని బలంతో కప్పిపుచ్చడం. ఎదమీదికి ఏనుగుని ఎక్కించుకున్న కోడి రామమూర్తి పుట్టిన వీరఘట్టం, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్ కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి ఊసవానిపేట మన పక్కవే. బలం మీద మనకి నమ్మకం ఎక్కువైతే ఆశ్చర్యం లేదు. కానీ ఇక్కడ బలం పెట్టేకొద్దీ బంతి బేస్‌లైన్ (కోర్టు వెనక చివరి గీత) దాటిపోతుంది.

వరస ఇలా ఉండాలి. ఎదుటివాళ్లు బంతిని కొట్టబోతుండగా మీరు చిన్నగా ఎగిరి రెండు కాళ్ల మీదా దిగండి. వాళ్ల రాకెట్‌కి బంతి తగిలేసరికి మీరు గాల్లో ఉండి, బంతి ఎటు వస్తోందో తెలిసేసరికి నేల మీద ఉండాలి. దీన్ని స్ప్లిట్ స్టెప్ అంటారు. ఎటు వస్తుందో తెలియగానే మొదట తిరగాల్సింది భుజాలు. చెయ్యి వెనక్కి లాగడం కాదు, ఒళ్లంతా పక్కకి తిప్పాలి. అలా తిరిగితే రాకెట్ దానంతటదే సగం వెనక్కి వెళ్తుంది. బంతి నెట్ దాటేసరికి ఇది అయిపోవాలి. "పడింది" అనేసరికి రాకెట్ పూర్తిగా సిద్ధం. అక్కడి నుంచి మీకు మిగిలిన పని ఒక్కటే, కాళ్లు.

గోడ దగ్గర దీన్ని సాధన చేయడం కష్టం, బంతి మరీ త్వరగా తిరిగొస్తుంది. ఇంకో పది అడుగులు వెనక్కి వెళ్లి, పైకి మెల్లగా కొట్టి, రెండు బౌన్సులు ఇచ్చుకుని చేయండి.

ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు కొట్టాలి

నేల తాకిన బంతికి మూడు దశలు. లేస్తున్నప్పుడు, పైన ఆగినట్టు ఉన్నప్పుడు, దిగుతున్నప్పుడు. మూడింట్లో ఎప్పుడైనా కొట్టొచ్చు. ఆండ్రీ అగస్సీ బేస్‌లైన్ మీదే నిలబడి లేస్తున్న బంతిని కొట్టేవాడు, ఎదుటివాళ్లకి ఊపిరి తీసుకునే వ్యవధి ఉండేది కాదు. రఫెల్ నాదల్ ఎర్రమట్టి మీద బాగా వెనక్కి వెళ్లి, బంతిని దిగనిచ్చి, కింద నుంచి పైకి తిప్పి కొట్టేవాడు. ఫ్రెంచ్ ఓపెన్ 14 సార్లు గెలిచాడు. మన సానియా మీర్జా ఫోర్‌హ్యాండ్ గుర్తుందా, ముందుకొచ్చి బంతిని తొందరగా అందుకునే రకం. ఎవరి దారి వాళ్లది. వీళ్లని టీవీలో చూసి లేస్తున్న బంతిని కొట్టబోతే కొత్తవాళ్లకి జరిగేది మాత్రం ఒకటే, బంతి రాకెట్ అంచుకి తగిలి కంచె దాటడం.

మీరు మొదట నేర్చుకోవాల్సింది పైన ఆగి, కాస్త దిగి, మొల ఎత్తుకి వచ్చిన బంతిని కొట్టడం. దానికి నిలబడే చోటు బేస్‌లైన్‌కి మీటరు, మీటరున్నర వెనక. లైను మీద నిలబడితే లోతుగా పడ్డ ప్రతి బంతీ కాళ్ల దగ్గర లేస్తుంది. సర్వీస్ లైనుకీ (సర్వీస్ పడాల్సిన గడి వెనక గీత) బేస్‌లైనుకీ మధ్య 18 అడుగుల మేర ఉంటుంది చూడండి, ఆ చోట ఊరికే నిలబడిపోవడం ఇంకా ప్రమాదం. అక్కడికి బంతి కోసం వెళ్లండి, కొట్టగానే వెనక్కో, నెట్ దగ్గరికో వెళ్లిపోండి.

ఎంత లోతుగా పడుతుందో బంతి నెట్ దాటే ఎత్తు చెబుతుంది. నెట్‌కి బాగా పైనుంచి వస్తోందంటే లోతుగా పడి ఎత్తుగా లేస్తుంది, వెంటనే వెనక్కి జరగండి. నెట్‌ని రాసుకుంటూ నెమ్మదిగా వస్తోందంటే పొట్టిగా పడుతుంది, ముందుకి పరుగెత్తండి. ఇక్కడ క్రికెట్ కళ్లు పనికొస్తాయి. తేడా ఏమిటంటే అక్కడ లెంగ్త్ చూసి షాటు మారుస్తారు, ఇక్కడ లెంగ్త్ చూసి మీ చోటు మార్చాలి.

బంతి దగ్గరికి వెళ్లేటప్పుడు మొదటి అడుగులు పెద్దవి, చివరి మూడు నాలుగు చిన్నవి. ఆ చిన్న అడుగులే మనవాళ్లలో ఎక్కువమందికి లేనివి. పెద్ద అంగలతో వెళ్లి ఆగిపోతారు, బంతి అర అడుగు అటో ఇటో ఉంటుంది, ఆ అర అడుగుని నడుము వంచి సర్దుకుంటారు. బూట్ల చప్పుడు వినండి. బంతి పడ్డాక కూడా మీ బూట్లు టకటకమంటుంటే సరిగ్గా చేస్తున్నట్టే. నేరుగా బంతి మీదికి పోకండి, దాని పక్కకి వెళ్లండి. మొదటి పనిలో మీ చెయ్యి గుర్తుపెట్టుకున్న చోటుకి బంతి వచ్చేలా మీరు జరగాలి.

ఎటు కొట్టాలో తెలియకపోతే ఎదుటి మూలకి వాలుగా కొట్టండి. నెట్ మధ్యలో తక్కువ ఎత్తు, పైగా కోర్టు నిలువునా 78 అడుగులైతే సింగిల్స్‌లో మూల నుంచి మూలకి దాదాపు 82.5 అడుగులు. బంతి దిగడానికి ఇంకో నాలుగున్నర అడుగులు ఉచితంగా దొరుకుతాయి. నెట్ మీదుగా మూడు నాలుగు అడుగుల ఎత్తులో పంపండి. నెట్‌ని రాసుకుంటూ పోయే షాటుకి చప్పట్లు వస్తాయి గానీ, దానివల్ల పోయే పాయింట్లే ఎక్కువ.

బంతి మీకు చెప్పకుండా మారేవి

బంతి ముందుకి తిరుగుతూ వస్తే టాప్‌స్పిన్. నేల తాకాక అది మీ మీదికి ఎగిరినట్టు వస్తుంది. ఎదుటివాళ్ల రాకెట్ కింద నుంచి పైకి వెళ్లిందా, ఒక అడుగు వెనక్కి వేసి భుజం దాకా రాకుండా చూసుకోండి. రాకెట్ పైనుంచి కిందికి వచ్చిందా, అది స్లైస్. వేగంగా చదునుగా వచ్చిన స్లైస్ నేల తాకాక లేవదు, జారిపోతుంది. దానికి రాకెట్ తల కిందికి వంచితే పని జరగదు, మోకాళ్లు వంచాలి. సాయంత్రం ఆడే పెద్దవాళ్లలో ఈ స్లైస్ ఆటగాళ్లు చాలామంది. పరుగెత్తరు, చెమట పట్టదు, కుర్రాళ్లని మాత్రం కోర్టంతా వంగబెడతారు.

ఇక గాలి. శ్రీకాకుళం వైపు తీరానికి దగ్గర ఊళ్లల్లో మధ్యాహ్నం దాటితే సముద్రపు గాలి మొదలవుతుంది. గాలి మీ వీపు వైపు నుంచి వీస్తుంటే ఎదుటివాళ్ల బంతి గాల్లో ఆగినట్టయి పొట్టిగా పడుతుంది, మీరు లోపలికి జరగాలి. ముఖం మీదికి వీస్తుంటే అదే బంతి లోతుగా పడి, పడ్డాక కూడా మీదికి తోసుకొస్తుంది, వెనక్కి ఉండండి. పక్క గాలి రోజుల్లో ఆ చిన్న అడుగులు రెట్టింపు చేయాలి. "పడింది" అనే వరకూ చోటు ఖాయం చేసుకోవద్దు. అంత గాలి వద్దనుకుంటే తెల్లారే ఆడండి. మే, జూన్‌లో ఐదున్నరకల్లా మన వైపు బాగా వెలుగు వచ్చేస్తుంది, ఏడున్నర దాటితే ఎండ నిలబడనివ్వదు.

బ్యాక్‌హ్యాండ్, సర్వీస్, కాళ్ల దగ్గర బంతి

రాకెట్ చేతికి అవతలి వైపు వచ్చే బంతిని కొట్టేది బ్యాక్‌హ్యాండ్. రెండు చేతులతో కొడితే పై లెక్కలన్నీ అవే. బంతి ఒంటికి కాస్త దగ్గరగా రావాలి, అంతే తేడా. ఒంటి చేత్తో కొట్టేవాళ్లు బంతిని ఇంకా ముందు అందుకోవాలి. భుజం ఎత్తుకి లేచిన బంతితో వాళ్లకి కష్టం, కొత్తవాళ్లకి రెండు చేతులే మంచిది.

సర్వీస్‌ని తిరిగి కొట్టేవాళ్లు బంతిని నేల తాకనివ్వాల్సిందే. గాల్లో ఉండగా కొడితే, ఒంటికి తగిలినా సరే, పాయింటు సర్వీస్ చేసినవాళ్లది. వేగంగా వస్తుంది కాబట్టి రాకెట్ పూర్తిగా వెనక్కి తీయకండి. భుజాలు తిప్పి, సగం ఊపుతో ఎదురు పెట్టండి చాలు. వాళ్ల వేగమే మీకు సరిపోతుంది.

వెనక్కి వెళ్లే వ్యవధి లేక బంతి కాళ్ల దగ్గర పడితే, నేల తాకిన వెంటనే కొట్టేయాలి. దీన్ని హాఫ్ వాలీ అంటారు. మోకాలు దాదాపు నేలకి ఆనేంత వంచి, రాకెట్‌ని బంతి వెనక అడ్డం పెట్టి, చిన్నగా ముందుకి తోయండి. "పడింది", "కొట్టా" రెండూ ఇక్కడ ఒకే మాటలా వచ్చేస్తాయి.

రెండు బౌన్సుల గొడవలు

అంపైర్ లేని ఆటల్లో ఎవరి వైపు బంతి గురించి వాళ్లే చెప్పాలి. మీరు అందుకునేలోపు బంతి రెండోసారి నేల తాకిందని మీకు తెలిస్తే, ఎదుటివాళ్లు అడగకముందే ఆపేసి "నాట్ అప్" అనండి. లైను మీద పడ్డ బంతి లోపల పడినట్టే, అంచు తాకినా చాలు. చక్రాల కుర్చీ టెన్నిస్‌లో మాత్రం రెండు బౌన్సులకి అనుమతి ఉంది, రెండోది కోర్టు బయట పడినా చెల్లుతుంది.

గాలి రోజుల్లో తెలిసి ఉండాల్సిన నియమం ఇంకొకటి ఉంది. బంతి మీ వైపు పడి, గాలికో స్పిన్‌కో వెనక్కి లేచి నెట్ దాటి వాళ్ల వైపు పోతే, మీరు నెట్ మీదుగా చెయ్యి చాచి దాన్ని కొట్టొచ్చు. నెట్‌కి మాత్రం తగలకూడదు. మీరు కొట్టకుండా వదిలేస్తే పాయింటు వాళ్లది.

ఫోన్‌తో చూసుకోండి

కోర్టు పక్కన, మీకు సరిగ్గా అడ్డంగా, నడుము ఎత్తున ఫోన్ పెట్టి స్లో మోషన్‌లో ఒక పది షాట్లు తీయించండి. షాటు ఎంత అందంగా వచ్చిందో చూడకండి. బంతి నేలని తాకిన ఫ్రేము దగ్గర ఆపి రెండే చూడండి. రాకెట్ వెనక ఉందా? ఎడమ భుజం నెట్ వైపు ఉందా? ఉంటే, బంతి రాకెట్‌కి తగిలిన ఫ్రేముకి వెళ్లి బంతి ముందు కాలికి ముందే ఉందో లేదో చూసుకోండి. రాకెట్ ఇంకా ఒంటి ముందరే ఉంటే చేతిని, ఊపుని, పట్టుని ముట్టుకోవద్దు, మళ్లీ మూడో పని నుంచి మొదలుపెట్టండి. పదిలో ఏడెనిమిది ఫ్రేముల్లో రాకెట్ వెనక కనిపించినప్పుడు ఒక అడుగు ముందుకి జరిగి, బంతి పైన ఆగినట్టు ఉన్నప్పుడే కొట్టడానికి ప్రయత్నించొచ్చు.